పానా ఎవరి చేతిలో?

"ఆడవాళ్లకు అంత బలం ఎక్కడిది?" అనే ప్రశ్న ఎన్నిచోట్ల విన్నామో లెక్కపెట్టలేం. విచిత్రమేమిటంటే నెత్తిమీద ఉప్పు తట్ట ఎత్తేటప్పుడు ఈ ప్రశ్న ఎవరికీ గుర్తుకు రాదు. నిండు నెలల మనిషి బోరింగు దగ్గర్నుంచి రెండు బిందెలు మోసుకొచ్చేటప్పుడు కూడా రాదు. చేతికి ఒక పనిముట్టు, దానితోపాటు ఒక పేరు, ఆ పేరుతోపాటు నాలుగు డబ్బులు వచ్చే చోట మాత్రం ఠక్కున గుర్తొస్తుంది.

నేను రాయబోయేది ఒక పాత జీపు కింద తుప్పుపట్టి బిగుసుకుపోయిన కమాను బోల్టుల గురించి. స్త్రీల హక్కుల పత్రికలో ఈ బోల్టుల గోలేమిటని కొందరు మిత్రులు అనుకోవచ్చు. అలా అనుకోవడం దగ్గరే నా తగాదా. జీపు లేకపోతే మన హక్కుల పని మండల కేంద్రం దాటి వెళ్లదు. ఆ జీపు ఆగిపోతే ఎందుకు ఆగిందో, చెప్పిన ఖర్చు నిజమో అబద్ధమో మనకు తెలియదు. చట్టాల సెక్షన్లు కంఠస్థం చేసిన మనం, మనల్ని మోస్తున్న నాలుగు చక్రాల విషయంలో పూర్తిగా పరాధీనులం. దీన్నే లైంగిక శ్రమ విభజన అని సభల్లో దుయ్యబడతాం. మన ఆఫీసు గుమ్మం ముందు మాత్రం దానికి సౌకర్యం అని పేరు పెట్టుకుంటాం.

మాది శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, సంతబొమ్మాళి వైపు పనిచేసే చిన్న సంఘం. మా జీపు 1998లో సెకండ్ హ్యాండుకు కొన్నది, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. భావనపాడు ఇసుక దారుల్లో, నౌపడ ఉప్పుమళ్ల గట్ల పక్కన, వానల్లో కొండ ఊళ్లకు ఎక్కే రాళ్ల బాటల్లో అదే మాకు దిక్కు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటాక కూలిన కొబ్బరి, జీడి తోటల మధ్య నుంచి బియ్యం, టార్పాలిన్లు మోసింది అదే. ఉప్పు గాలి, ఉప్పు నీళ్లు, ఉప్పు బురద. ఇనుముకు ఇంతకు మించిన శత్రువులు ఉండరు.

పోయిన కార్తీకంలో ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడు మొదలైంది. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగేది. కమాను కట్ట చివర ఉండే రబ్బరు బుష్ అరిగిపోయింది. కుడివైపుది కూడా అదే దారిలో ఉంది. బుష్ మార్చడం పెద్ద పని కాదు, దాని మధ్యలోంచి పోయే బోల్టు బయటికి వస్తే. అది రాలేదు. షెడ్డులో పది నిమిషాలు సుత్తితో బాది, "పట్టీసింది బావూ. గ్యాసుతో కొయ్యాల. కోస్తే బ్రాకెట్టు పోద్ది, కట్ట పోద్ది. మొత్తం కొత్తవే ఎయ్యాల. ఎనిమిది రోజులు పడతాది" అన్నారు. ఈ మాట అన్నది నాతో కాదు, నా పక్కన నిలబడ్డ మా డ్రైవర్ తమ్ముడితో. డబ్బు కట్టేది సంఘం, చెక్కు మీద సంతకం పెట్టేది నేను, అయినా మాట మాత్రం నా భుజం మీదుగా మగవాడి వైపు వెళ్లిపోయింది. "నూనె పట్టించి రెండు మూడు రోజులు ఆగి చూడకూడదా?" అని అడిగాను. "ఇదేటి ఆవకాయ జాడీ మూతనుకున్నారా మేడమ్!" అని షెడ్డంతా నవ్వింది. వాళ్లు చెప్పిన ఖర్చు మా రెండు నెలల ప్రయాణ బడ్జెట్టు.

ఎనిమిది రోజులంటే ఏమిటో షెడ్డుకు తెలియదు. బండి అక్కడ వంతు కోసం నిలబడి ఉన్న మూడో రోజు రాత్రి సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. భర్త కొట్టి గెంటేస్తే ఇద్దరు పిల్లలతో పక్కింటి పంచలో కూర్చుంది. 2005 నాటి గృహహింస చట్టం ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. ఆ హక్కును ఆ రాత్రి ఆమె ఉన్న పంచ దాకా తీసుకెళ్లడానికి మా దగ్గర ఏముంది? చీకటి పడ్డాక ఆ ఊరికి బస్సు లేదు. ఆ ఇసుక దారికి ఆటోలు రామన్నాయి. స్టేషనుకు ఫోన్లు చేస్తూ, ఆమెతో మాట్లాడుతూ తెల్లవార్లూ కూర్చున్నాం. పొద్దున్న మొదటి బస్సుకు వెళ్లేసరికి ఆమె కుడి చెయ్యి విరిగి ఉంది. అర్ధరాత్రి అతను మళ్లీ వచ్చాడు. చెయ్యి విరిచింది మొగుడే, బోల్టు కాదు, నిజమే. కానీ బండి ఉంటే రాత్రి పదింటికల్లా మేం అక్కడ ఉండేవాళ్లం.

మర్నాడు బండిని అడుగులో అడుగేసుకుంటూ సంఘం ఆవరణలోకి తోలుకొచ్చేశాం. తర్వాత మూడు రోజుల్లో ఆ బోల్టులు తీశాం. ఎలా తీశామో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ వివరం దాచిపెట్టడం మీదే "బలం" అనే అబద్ధం బతుకుతోంది.

ముందు, బోల్టు ఎందుకు పట్టేస్తుందో చూద్దాం. బుష్ అంటే రబ్బరు ముద్ద, దాని మధ్యలో ఒక ఇనుప గొట్టం. ఆ గొట్టంలోంచి బోల్టు దూరి బ్రాకెట్టును, కమాను కట్టనూ కలుపుతుంది. బోల్టుకూ గొట్టానికీ మధ్య వెంట్రుకవాసి సందు. అందులోకి ఉప్పు నీరు దిగుతుంది. ఇనుము తుప్పుగా మారితే మునుపటి కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సందు చాలక రెండింటినీ ఒకే ముక్కలా బిగించేస్తుంది. అప్పుడు నట్టు ఊడినా బోల్టు రాదు. పానా వేసి తిప్పితే గొట్టం కూడా తిరుగుతుంది, చుట్టూ ఉన్న రబ్బరు మెలిపడి చెయ్యి వదలగానే వెనక్కి తిప్పేస్తుంది. సుత్తితో కొడితే ఆ దెబ్బనంతా రబ్బరే మింగేస్తుంది. షెడ్డులో పది నిమిషాల బాదుడు ఎందుకు పనికిరాలేదో ఇప్పుడు అర్థమవుతుంది. అక్కడ బలానికి కొరత లేదు. వాళ్లు బలాన్నే నమ్ముకున్నారు, అదీ చిక్కు.

మొదటి రోజు మేం ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. ఛాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తి, జాకీని నమ్మకుండా చెక్క దిమ్మలు పేర్చాం. జాకీ మీదే నిలబెట్టిన బండి కింద ఎవరూ పడుకోకూడదు, ఇది మాత్రం గోడ మీద రాసుకోండి. కట్ట మీద బరువు ఉన్నంతసేపూ అది బోల్టును ఒక పక్కకు నొక్కుతూనే ఉంటుంది, అందుకే బరువు తేలిపోయే దాకా ఎత్తాలి. వైరు బ్రష్షుతో మరలు శుభ్రంగా రుద్దాం. డీజిల్లో కాస్త గేరు ఆయిలు కలిపి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పట్టించాం. తుప్పు వదిలించే స్ప్రే డబ్బా దొరికితే ఇంకా మంచిది. నట్టుకు నోరు తెరిచిన పానా వెయ్యకూడదు, మూలలు అరిగిపోతాయి. ఆరు పలకలూ పట్టుకునే సాకెట్టే వెయ్యాలి.

రెండో రోజు సాకెట్టు పిడికి నాలుగడుగుల ఇనుప గొట్టం తొడిగాం. ఇక్కడ ఒక్క చిన్న లెక్క. ముప్పై సెంటీమీటర్ల పిడి చివర ఇరవై కిలోల బలం వేస్తే నట్టు మీద పడే మెలి ఎంతో, నూట ఇరవై సెంటీమీటర్ల గొట్టం చివర అదే ఇరవై కిలోలు వేస్తే దానికి నాలుగు రెట్లు. ఇరవై కిలోలంటే బావిలోంచి నిండు చేద లాగే చెయ్యి. ఆ చెయ్యి లేని ఆడమనిషి మా మండలంలో ఉందా? ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పాం. తుప్పు పొర "టక్"మని పగిలింది. ఆ తర్వాత పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, మధ్య మధ్య నూనె. నట్లన్నీ ఊడాయి. ఇక బోల్టు మొండి చివర మీద సుత్తి వేస్తే మరలు పుట్టగొడుగులా చితికిపోతాయి, ఎప్పటికీ రాదు. అందుకని నట్టును మళ్లీ బోల్టు అంచుకు సమంగా ఎక్కించి, ఆ నట్టు మీద కొట్టాలి. రెండు బోల్టులు అలా వచ్చేశాయి.

మూడోదానికి నిప్పు కావలసి వచ్చింది. మా సంఘంలో కమ్మరి ఇంటి మనిషి ఒకామె ఉంది, యాభై దాటాయి, మేమంతా అప్పా అనే పిలుస్తాం. "ఇనుము మీద కండ సూపకూడదు సెల్లీ, ఏడి సూపాల" అంది. డీజిలు గొట్టం ఎటు పోతుందో చూసి తడి గోనె కప్పాం, పూసిన నూనె గుడ్డతో తుడిచేశాం, ఇసుక బకెట్టు పక్కన పెట్టుకున్నాం. బ్లో ల్యాంపుతో బోల్టు చుట్టూ బ్రాకెట్టును మసక ఎరుపు వచ్చేదాకా కాల్చింది. ఎప్పుడు ఆపాలో రంగు చూసి ఆమే చెప్పింది. మంట తగిలిన ఇనుము వ్యాకోచిస్తుంది, తుప్పు పట్టు సడలుతుంది. పాత రబ్బరు కాలి కంపు కొట్టింది, ఎలాగూ పారేసేదే. బోల్టు మూడు దెబ్బలకు జారింది. ఆ సమ్మెట వేసింది ఉప్పుమళ్లలో కూలికి పోయే మా కార్యకర్త.

నాలుగోది రాలేదు. దాన్ని మూడో రోజు బ్రాకెట్టుకూ కట్ట కంటికీ మధ్య సందులో రెండు పక్కలా హ్యాక్సా బ్లేడుతో కోశాం. ఐదు బ్లేడ్లు, నాలుగు గంటలు, నలుగురం వంతులేసుకున్నాం. బ్రాకెట్టు పోలేదు. కట్ట పోలేదు. కొత్త బోల్టులు, నట్లు, బుష్‌లు, బ్లేడ్లు, నూనె అన్నీ కలిపినా షెడ్డు చెప్పిన ఖర్చులో ఎనిమిదో వంతు కాలేదు.

అప్ప గురించి ఇంకొక్క మాట. కొలిమి దగ్గర తిత్తి ఊదేది ఎవరు? సమ్మెట ఎత్తి దబ్బుదబ్బుమని కొట్టేది ఎవరు? మన పట్టణాల్లో రోడ్డు పక్కన డేరాలు వేసుకుని గొడ్డళ్లు, కత్తులు చేసే సంచార కుటుంబాల్ని చూడండి. చాలా చోట్ల చేతిలో బిడ్డను దించి, కొంగు బిగించి, బరువైన సమ్మెట వేసేది ఆడమనిషి. మగవాడు కూర్చుని పట్టకారు పట్టుకుని ఇనుమును తిప్పుతాడు. బరువు ఆమెది, నేర్పు అనే పేరు అతనిది. కమ్మరి అంటే అతనే. అప్ప ముప్పై ఏళ్లు కొలిమి ముందు నిలబడింది, ఇనుము రంగు చూసి వేడి చెప్పగలదు. మా సంఘం రిజిస్టరులో ఆమె పేరుకు ఎదురుగా వృత్తి అనే గడిలో "గృహిణి" అని ఉంది.

చట్టం మాత్రం తక్కువ తిందా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ కదులుతున్న ప్రధాన యంత్ర భాగాలను శుభ్రం చెయ్యడం, వాటికి నూనె వెయ్యడం, సరిచెయ్యడం స్త్రీలకూ, వయసు చాలని పిల్లలకూ కలిపి నిషేధించింది. రక్షణ పేరుతో మనల్ని పిల్లల వరుసలో నిలబెట్టింది. యంత్రానికి కంచె వెయ్యడం కంటే స్త్రీని దూరంగా నెట్టడం చవక కదా! 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత కోడ్ 43వ సెక్షన్ స్త్రీలను అన్ని రకాల పనుల్లోనూ పెట్టుకోవచ్చని రాసింది. మంచిదే. కానీ నలుగురైదుగురు పనిచేసే రోడ్డు పక్క షెడ్డుకు ఆ పాత సెక్షనూ తెలియదు, ఈ కొత్త సెక్షనూ తెలియదు. అక్కడ ఆడపిల్లను గుమ్మం దగ్గర ఆపేది నవ్వు. నవ్వు మీద ఏ కోర్టులో కేసు వేస్తాం?

బలం వాదన ఎంత బూటకమో చూడాలంటే సినిమా రంగం చూడండి. అక్కడ స్త్రీలు హెయిర్ డ్రెస్సర్లుగా ఉండవచ్చు, మేకప్ ఆర్టిస్టులు కాకూడదని వృత్తి సంఘమే నియమం పెట్టుకుంది. 2014 నవంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తుప్పు బోల్టుకు బలం కావాలన్నారు, సరే. ముఖానికి పౌడరు అద్దడానికి ఏ కండలు కావాలి? డబ్బూ పేరూ ఎక్కడ ఉంటే అక్కడ గీత గీస్తారు, కారణం తర్వాత వెతుక్కుంటారు.

అప్పుడప్పుడూ పత్రికల్లో "తొలి మహిళ" అని ఫొటో వేస్తారు. అప్పటి నల్గొండ జిల్లా నుంచి వెళ్లిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరుగా చేరింది. కొత్తగూడెం దగ్గర సుజాతనగర్‌లో లారీ టైర్ల పని చేసే ఆదిలక్ష్మి గురించి 2021లో చాలామంది రాశారు. వాళ్లిద్దరికీ చేతులెత్తి నమస్కారం. కానీ తొలి మహిళ తర్వాత నూరో మహిళ ఏది? ఒక్కరి ఫొటో వేసి, ఇదిగో దారి తెరిచే ఉంది, రానిది మీరే అని మిగతా అందర్నీ నిందించడానికి ఈ "తొలి" వార్తలు బాగా పనికొస్తున్నాయి.

ఇక మన సంగతి. డ్వాక్రా రోజుల నుంచి ఇప్పటిదాకా మనం స్త్రీలకు ఇప్పించిన శిక్షణలు ఏమిటి? కుట్టు మిషన్లు, అప్పడాలు, పచ్చళ్లు, విస్తరాకులు, ఎంబ్రాయిడరీ. వంటింటిని సాగదీసి దానికి సాధికారత అని పేరు పెట్టాం. దాతలు అలాగే అడిగారని చెప్పుకుంటాం. దాతలు అడిగిన ప్రతిదీ చేశామా? మనకు ఇష్టం లేనివాటిని ఎంత చాకచక్యంగా తప్పించుకున్నామో మనకు తెలియదా? అసలు సంగతి, చదువుకున్న మనకు గ్రీజు అంటే రోత. మసి పని కిందివాళ్ల పని అనే కులబుద్ధి స్త్రీవాదం లోపల కూడా దాక్కుని ఉంది. మా డ్రైవర్ తమ్ముడికి ఈ బండి లోపలి నరం నరం తెలుసు. నట్టును అంచుకు ఎక్కించి కొట్టాలన్నది అతను చెప్పిందే. ఇన్నేళ్లలో ఏ నెలవారీ సమావేశంలోనూ అతన్ని లోపలికి పిలిచి "మాకు నేర్పు నాయనా" అని ఏ సంఘమూ అడగదు. అతను బయట బండిలో నిద్రపోతాడు, లోపల మనం జ్ఞానం ప్రజాస్వామికం కావాలని తీర్మానం చేస్తాం. స్త్రీలు నేర్చుకుంటే అతని ఉద్యోగం పోతుందని ఒక మిత్రురాలు వాదించింది. పోదు. మూడు రోజులూ దగ్గరుండి చెప్పినవాడు ఇప్పుడు మా శిక్షకుడు, ఆ రోజులకు వేరే భత్యం ఇస్తున్నాం.

ఇంతకంటే ముఖ్యమైన పనులు లేవా అని ఇంకొకరు అడిగారు. ఉన్నాయి. ఆ పనులన్నిటికీ వెళ్లేది ఈ జీపులోనే. 1990ల మొదట్లో ఉత్తరప్రదేశ్ బాందా జిల్లాలో మహిళా సమాఖ్య కార్యక్రమంలో చేరిన స్త్రీలు చేతి పంపుల మరమ్మతు నేర్చుకున్నారు. చాలామంది దళితులు, చదువు రానివాళ్లు. ఇండియా మార్క్ టూ పంపు అంటే ఆటబొమ్మ కాదు. లోపలి సిలిండరు చేతికి రావాలంటే భూమిలోని పైపుల వరుసంతా పైకి లాగాలి. అంటరానివాళ్లని తమ నీళ్లు తాకనివ్వని ఊళ్లు పంపు చెడితే వాళ్లనే పిలవాల్సి వచ్చింది. పంపుల లెక్కలు రాసుకోవడానికి చదువు కావాలని ఆ స్త్రీలే అడిగారు. పనిముట్టు ముందు వచ్చింది, అక్షరం దాని వెనక నడిచింది. అది మనం చదివి, చప్పట్లు కొట్టి, మన జిల్లాలకు తెచ్చుకోకుండా వదిలేసిన పాఠం.

మా సంఘం ఇప్పుడు కోరేది ఇది. సంఘాల ప్రతి వార్షిక ప్రణాళికలోనూ శిక్షణ పద్దు కింద పనిముట్ల పెట్టె ఉండాలి: సాకెట్టు సెట్టు, జాకీ, దిమ్మలు, గొట్టం, బ్లో ల్యాంపు. డ్రైవర్ల నుంచి, కమ్మరి ఇళ్ల స్త్రీల నుంచి నేర్చుకున్న ప్రతి రోజుకూ శిక్షకుల భత్యం ఇవ్వాలి. షెడ్డుకు బండి పంపేటప్పుడు వెంట కనీసం ఒక కార్యకర్త వెళ్లి, పని ముగిసేదాకా దగ్గరుండి చూడాలి. మా దాతలకు ఇది రాస్తే, స్త్రీల జీవనోపాధి పద్దులో పనిముట్లు రావు, కుట్టు మిషన్లైతే వస్తాయని జవాబిచ్చారు. కుట్టు మిషను కూడా నట్లు బోల్టుల యంత్రమేనని, అది చెడినప్పుడు బాగుచేసేవాడు మా మండలంలో మగవాడేనని మళ్లీ రాశాం.

సంక్రాంతి తర్వాత మా ఆవరణలో మూడు రోజులు శిబిరం పెడుతున్నాం. పాత బండి ఉన్న సంఘాలు బండితో సహా రావచ్చు. బోల్టులకు ముందే వారం నుంచి నూనె పట్టిస్తూ ఉండండి. కొత్త బోల్టులు కొనేటప్పుడు తల మీద 8.8 గానీ, అంతకు పై అంకె గానీ ఉన్నవే తీసుకోండి, తలుపు బోల్టు వేస్తే కొండ దారిలో ఇరుసు జారి ప్రాణాలు పోతాయి. దూర్చే ముందు బోల్టు ఒంటికి గ్రీజు పూస్తే వచ్చేసారి ఈ కష్టం ఉండదు. ఆఖరి బిగింపు మాత్రం బండిని నేల మీదికి దించి, చక్రాల మీద బరువు పడ్డాకే వెయ్యాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే కొత్త రబ్బరు మెలిపడి ఆరు నెలల్లో చిరిగిపోతుంది. మాకు ఆ షెడ్డులో ఎప్పుడూ బండి ఎత్తి ఉండగానే బిగించి ఇచ్చేవారు.